తలుపు గడియ

"అయ్యో, ఇదేమిటమ్మా! లే తల్లీ, లే!" అని అత్తగారు గుండెలు బాదుకుంటుంటే, ఆ కేకలు ఎక్కడో పక్కవీధిలోంచి వస్తున్నట్టున్నాయి ఆమెకు... కళ్లు తెరుస్తూనే మంచం మీది పాప గొంతు వైపు చూసింది. ఊపిరి ఆడుతోంది. హమ్మయ్య! తను నేల మీద పడి ఉన్న సంగతి ఆ తర్వాతగాని తెలియలేదు ఆ తల్లికి!

వీధి చివరి డాక్టరమ్మ వచ్చి చూసింది. "ఒంట్లో నీళ్లు బొత్తిగా లేవు. ఇలాగైతే రేపు మీరూ మంచమెక్కుతారు" అని మందలించి వెళ్లింది.

అత్తగారు నీళ్ల సీసా పైకెత్తి చూసింది. "పొద్దున నింపింది నింపినట్టే ఉందేమే! ఎవరి మీద అలక?"

"అలకా లేదు, పాడూ లేదు అత్తయ్యా... తాగితే బాత్రూముకు వెళ్లాలిగా! ఆ కాస్తలో దీనికి కఫం అడ్డంపడితే? అందుకే ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా తాగను..."

రెండేళ్లుగా ఇదే వరస! పాప గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చారు. అమ్మా అని పిలుద్దామన్నా ఆ పిల్లకు మాట పెగలదు. గురగురమన్నప్పుడల్లా మిషను వేసి, సన్నటి పైపుతో కఫం లాగాలి. "పైపు లోపలున్నంతసేపూ మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు కష్టమనిపించగానే తీసెయ్యండి" అని ఆసుపత్రిలో నర్సు నేర్పింది. మిషను చప్పుడైతే చాలు, అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయేది.

"నేను లేనుటే? పిలవకూడదూ?"

"మీకు... అసహ్యమనుకున్నాను అత్తయ్యా!"

ముసలావిడ అక్కడే కూలబడింది. "అసహ్యమా! భయమే తల్లీ! నా పెద్దపిల్ల జ్వరంతో పడుకుని ఉంటే, పాలు దించడానికి వెళ్లానే... వచ్చేసరికి లేదు! ఇదీ నా చేతుల్లోంచి జారిపోతుందేమోనని ముట్టుకోలేదు. కానీ నువ్వు పైపు పెట్టినప్పుడల్లా గుమ్మంలో నేనూ ఊపిరి బిగబట్టేదాన్నే! నువ్వు తీశాకే వదిలేదాన్ని!"

ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఊపిరి బిగబట్టేది తనొక్కతే అనుకుంది కోడలు...

వారం రోజులు పక్కనే నిలబడి అత్తగారికి పైపు పెట్టడం నేర్పింది. "నా చెయ్యి వణికితే నీ కూతురు నవ్వుతోందే! మీ ఆయనకంటే నేనే నయంలే. వాడు పైపు చూడగానే కళ్లు మూసుకుంటాడు" అంది అత్తగారు.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం కోడలు రెండు గ్లాసుల నీళ్లు తాగి, బాత్రూములోకి వెళ్లి, రెండేళ్లలో మొదటిసారి గడియ వేసుకుంది. అంతలోనే మిషను మోగింది! చెయ్యి గడియ మీదికి పోయింది. ఊపిరి బిగబట్టింది... మిషను ఆగింది.

"అయిపోయిందమ్మా! బాగానే ఉంది. నిదానంగా రా, మొహం కూడా కడుక్కో!"

గడియ మీంచి చెయ్యి తీసి, కుళాయి తిప్పింది. చల్లటి నీళ్లు దోసిట్లో నిండి, పొర్లి పోతున్నాయి... కట్టెయ్యాలని తోచలేదు ఆమెకు.