పదకొండు వందల మీటర్ల సీసా

"ఈ సీసా సరిగ్గా కడగలేదు."

ఆమె మాట పూర్తి కాకముందే అతని ముఖం ఎర్రబడింది. మూడు వారాలు ఓడ మీద తిరిగి, లోతు లోతుకీ సముద్రపు నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చింది అతను. వాటిలో ఉప్పెంతో కొలిచేది ఆమె. ల్యాబ్‌లో అందరూ ఆమెను ఉప్పు మేడమ్ అంటారు, ఆమెకు వినబడకుండా.

"ఎలా చెప్పగలరు?" అన్నాడు.

"పదకొండు వందల మీటర్ల లోతులో లీటరుకు ముప్ఫై అయిదు గ్రాములుండాలి. ఇందులో ముప్ఫై ఆరుంది. పాత ఉప్పు అడుగున ఎండి ఉంటుంది."

"సముద్రం మిమ్మల్ని అడిగి ఉప్పు వేసుకోవాలా?"

"ఓడలో ఉప్పు కొలిచే మీటరు రీడింగ్ ఉంటే నమ్మేదాన్ని. ఆ రోజు మీ మీటరు పనిచేయలేదుగా."

ఆమె రికార్డు పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో రాసింది: 'సీసా శుభ్రంగా లేదు. లెక్కలోకి తీసుకోకూడదు.'

అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

"సీసాలు కడిగింది మా అమ్మ."

ఆమె పెన్ను ఆగింది. వెనక గదిలో సీసాలు కడిగే పెద్దమ్మ ఇతని తల్లి అని ఆమెకు తెలియదు.

"నెలాఖరుకి రిటైరవుతుంది. ముప్ఫై ఏళ్ళలో ఆమె పని గురించి ఈ పుస్తకంలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. మీరే మొదలుపెట్టారు," అని వెళ్ళిపోయాడు.

బయట వాన దంచేస్తోంది. గొడుగు లేకుండానే స్టోరు వైపు నడిచాడు. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. పది నిమిషాల్లో తడిసి ముద్దయి తిరిగొచ్చి, ఇంకో సీసా బల్ల మీద పెట్టాడు.

"అదే లోతుది. అమ్మకి భయం ఎక్కువ. నేను ఓడెక్కిన ప్రతిసారీ ఒక సీసా ఎక్కువ సర్దుతుంది, ఏదైనా పగిలితే ఎలా రా అని. ఏదీ పగల్లేదు. ఆ లోతు నీళ్ళు చేతికి కాస్త వెచ్చగా తగిలాయి, అనుమానమొచ్చి దీన్నీ నింపాను."

"ముందే చెప్పొచ్చుగా."

"మీరు అడిగితేగా."

"ముందు తల తుడుచుకోండి. యంత్రంలో పడుతున్నాయి నీళ్ళు," అంటూ తువ్వాలు విసిరింది.

రెండో సీసా కొలిచింది. మళ్ళీ ముప్ఫై ఆరు. చివరి అంకె దాకా అదే. రెండు సీసాల్లో పాత ఉప్పు సరిగ్గా ఒకేలా ఎండడం జరగని పని.

"సుడి," అంది మెల్లగా. "ఉప్పూ వెచ్చదనమూ ఎక్కువున్న పక్క సముద్రం నుంచి విడిపోయి వచ్చిన నీళ్ళు. ఊరంత వెడల్పున, తన చుట్టూ తాను తిరుగుతూ, బయటి నీళ్ళలో కలిసిపోకుండా రెండేళ్ళయినా ప్రయాణం చేస్తుంది."

"పైనుంచి చూస్తే తెలియదా?"

"తెలియదు. లోపలికి వెళ్ళి చూస్తేనే."

"రీడింగ్ అటుంది మేడమ్. మీరు ఇటు చూస్తున్నారు."

ఆమె గబుక్కున యంత్రం వైపు తిరిగింది.

మర్నాడు మీటింగ్‌కి పెద్దమ్మను కూడా పిలిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిందావిడ.

"నా వల్ల ఏమైనా పాడయిందా?" అంది గుమ్మంలోనే.

ఆ పుస్తకంలో ఏదీ చెరపకూడదన్నది ల్యాబ్ నియమం. తప్పు రాస్తే గీత కొట్టి, కింద సరిదిద్ది, సంతకం పెట్టాలి. ఆమె అందరి ముందూ గీత కొట్టి, కింద రాసింది చదివి వినిపించింది: 'సీసా శుభ్రంగానే ఉంది. తప్పు నాది. సీసాలు కడిగినావిడ జాగ్రత్త వల్లే ఈ సుడి దొరికింది.'

డైరెక్టరు లేచి నిలబడ్డాడు. ఒక్కొక్కరుగా అందరూ లేచారు. తలుపు దగ్గర కొడుకు తల్లిని చూస్తూ నిలబడ్డాడు, ఆ సముద్రం మొత్తం తమదే అన్నట్టు.

సుడి సంగతంతా మేడమ్ వివరించాక, పెద్దమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "పుట్టిన చోటు వదిలి రెండేళ్ళయినా ఆ నీళ్ళు తమ ఉప్పు పోగొట్టుకోలేదా, అమ్మాయ్?"

"అంత తొందరగా పోగొట్టుకోవు."

"వీడు ఓడెక్కినప్పుడల్లా అదే నా దిగులు," అంది పెద్దమ్మ, కొడుకును చూస్తూ.

వారం తిరక్కుండానే సుడిని వెతకడానికి ఓడ సిద్ధమైంది. వెనక గదిలో పెద్దమ్మ సీసాలు సర్దుతుంటే అతను అన్నాడు, "ఈసారి మేడమ్ కూడా వస్తున్నారమ్మా. నా సీసాలకి కాపలా."

"సీసాలకి కాదు," అంది అప్పుడే గదిలోకొచ్చిన మేడమ్.

"మరి?"

"పట్టేవాళ్ళకి."

"ఈ ఒక్క ట్రిప్పుకేనా?"

"మీరు అడిగితేగా."

అతను అడిగాడు. ఆమె తల ఊపింది.

పెద్దమ్మ పెట్టెలో ఒకటి కాదు, రెండు సీసాలు ఎక్కువ పెట్టింది.

"రెండెందుకమ్మా?"

"ఇద్దరు వెళ్తున్నారుగా."

"ఒక్కటీ పగలనివ్వం, అత్తయ్యా," అంది ఉప్పు మేడమ్.

ల్యాబంతా పెద్దమ్మా అని పిలిచే ఆవిడ ఆ కొత్త పిలుపు విని, పెట్టెలోంచి ఒక సీసా తీసుకుని, మరోసారి కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

అది అప్పటికే శుభ్రంగా ఉంది.