చెక్‌పాయింట్ ఆట

క్రెయిగీబర్న్‌లో మా ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటాను. ఆ రోజు ముగ్గురే ఉన్నారు. అభినవ్, భానుశ్రీ, కొత్తగా చేరిన పాప సమర్. సమర్‌కి ఆరేళ్లు. తండ్రి యుద్ధంలో పోయాడు. తల్లితో ఈ దేశం వచ్చి మూడు నెలలైంది.

బయట సన్నటి వాన. చలికాలం కదా, నాలుగున్నరకే మసక కమ్ముకొస్తోంది. వంటింట్లో ఉప్మా కలుపుతుంటే హాల్లో అల్లరి ఉన్నట్టుండి ఆగిపోయింది.

వెళ్లి చూశాను. అభినవ్, భానుశ్రీ గోడవైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నారు. చేతులు తలల వెనక. పక్కన సమర్ నిలబడి ఉంది.

"ఏం ఆట నాన్నా ఇది?"

"చెక్‌పాయింట్, కిరణ్ ఆంటీ," అన్నాడు అభినవ్, తల తిప్పకుండా. "యూ ప్లే టూ."

కాసేపు ఆడితే వాళ్లే లేస్తారులే అని వాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. సమర్ కూడా వచ్చి నా పక్కనే కూర్చుంది, గోడవైపు ముఖం పెట్టి.

"మరి ఆపి తనిఖీ చేసే సోల్జర్ ఎవరమ్మా?" అన్నాను నవ్వుతూ.

సమర్ కళ్లు గట్టిగా మూసుకుంది.

డీజిల్ వాసన వచ్చింది. తర్వాత తడి తోలు వాసన... సిగరెట్ వాసన. మా ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లు లేరు. వెనకాల బూట్ల చప్పుడు. మెల్లగా... ఒక్కొక్కరి వెనకా ఆగుతూ...

"డోంట్ లుక్," సమర్ గుసగుసలాడింది. "హి గెట్స్ యాంగ్రీ."

చల్లటి ఇనుము నా మెడకి ఆనింది.

ఊపిరి బిగబట్టాను. అది పక్కకి జరిగింది. అభినవ్ వైపు...

వాడు తల తిప్పాడు.

వాడి నుదురు గోడకి దభీమని కొట్టుకుంది. మళ్లీ. మళ్లీ. వాడి జుట్టు ఎవరో పిడికిట బిగించినట్టు పైకి లేచి ఉంది. చెయ్యి మాత్రం కనిపించలేదు. గోడంతా నెత్తురు. వాడి మీద పడి కప్పేశాను. వీపు మీద దెబ్బ పడింది. రెండోది దవడ మీద. పన్ను విరిగింది. భానుశ్రీ ఏడుస్తోంది... చేతులు మాత్రం తల వెనక నుంచి తియ్యడం లేదు.

సమర్ తన భాషలో ఏదో అంది. దెబ్బలు ఆగాయి.

"ఏమన్నావు?"

"ఐ సెడ్... డాడీ, స్టాప్."

అంబులెన్స్ కోసం ట్రిపుల్ జీరోకి ఫోన్ చేశాను. అది రాకముందే, రోజూ వచ్చే వేళకి సమర్ తల్లి వచ్చింది. గోడ మీది నెత్తురు చూసింది. ఒక్క మాటా అడగలేదు. కూతుర్ని తీసుకెళ్లి కారు వెనక సీట్లో కూర్చోబెట్టింది.

అభినవ్ తలకి తువ్వాలు అదిమిపట్టి కిటికీలోంచి చూస్తున్నాను.

ఆమె డ్రైవర్ పక్క సీటు తలుపు తెరిచి పట్టుకుంది. తల వంచుకుని, వానలో తడుస్తూ నిలబడింది. చాలాసేపు. ఎవరూ ఎక్కలేదు.

తలెత్తి మా గుమ్మం వైపు చూసింది. ఆమె ముఖంలో ఏదో బరువు దిగినట్టయింది. చప్పుడు కాకుండా తలుపు మూసి, కారు పోనిచ్చింది. నా వెనక సిగరెట్ వాసన మళ్లీ వచ్చింది.