ఓబులేశ్వరి నడికట్టు

అనంతపురంలో పగటి నిద్ర చట్టమై అప్పటికి ఒక తరం గడిచింది. పొద్దెక్కాక బయట నిలబడితే ఒళ్లు బొబ్బలెక్కే ఎండలు మొదలయ్యాక ఊరు తన దినచర్యను తిరగేసుకుంది. బడులు, ఆఫీసులు, బజార్లు సాయంత్రం తెరిచి, మర్నాడు ఎండ ముదరకముందే మూసేవాళ్లు. అప్పుడు వీధి వీధినా నిద్రకూత మోగేది. కిటికీల మీదికి తెల్లటి రేకు తలుపులు వాటంతట అవే దిగేవి. కరెంటు చాలదు కాబట్టి ఇంటికొక్క చలువగదికే అనుమతి. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గదిలో పక్కలు పరుచుకుని, సాయంత్రం కూత మోగేదాకా పడుకునేవాళ్లు.

ఊరంతా అలా నిద్రపోతుంటే ఓబులేశ్వరి మేలుకుని ఉండేది. ఆమెకు ఎనిమిదో నెల. తొలికాన్పు. పొత్తికడుపు కింద రెండువైపుల ఎముకలు కలిసే చోట ఎవరో మేకు దిగగొట్టినట్టు నొప్పి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఒక పక్కకు పడుకుంటే కాసేపటికి తుంటి మండేది. రెండో పక్కకు తిరగబోతే ఆ ఎముకలు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు కటుక్కుమనేవి. ఎంత బిగబట్టుకున్నా మూలుగు బయటికి వచ్చేసేది.

“ఏందే ఓబులూ, ఊరికే పొర్లాడ్తావుండావు? మమ్మల్ని పండుకోనియ్యవా?” అనేది గోడవార పడుకున్న అత్త సుంకులమ్మ.

“నొప్పి అత్తా. తిరగలేకపోతావుండా.”

“కడుపుతో ఉంటే నొయ్యకుండా ఉంటాదా? మేమంతా కనలేదా?”

భర్త మద్దిలేటి చెడ్డవాడు కాదు. ఊరి బయట సౌరఫలకాలు తుడిచి, బాగుచేసి, ఒళ్లు హూనమై వచ్చేవాడు. “కండ్లు మూసుకో, అదే వస్తాది నిద్ర” అని, ఆ మాట పూర్తయ్యేలోపే తాను నిద్రలోకి జారుకునేవాడు. ఓబులేశ్వరి గోడ పట్టుకుని లేచి కూర్చునేది. కూర్చుంటే వెన్ను లాగేది. వాళ్లిద్దరి ఊపిరి చప్పుడు వింటూ, సాయంత్రం కూత కోసం ఎదురు చూసేది.

ఆమె ఉద్యోగం చలువవీధుల కంట్రోల్ గదిలో. నేల కింద నడిచే ఆ వీధులకు గాలి పంపే ఫ్యాన్లు ఆమె చేతిలో ఉండేవి. ఒకరోజు తెల్లవారుతుండగా కుర్చీలోనే ఆమెకు కన్ను అంటుకుపోయింది. ఒక వీధిలో ఫ్యాన్లు ఆగిపోయి హెచ్చరిక మోగుతున్నా ఆమెకు వినబడలేదు. తోటి ఉద్యోగి పరుగున వచ్చి స్విచ్ వేసేసరికి ఆ వీధిలో ఒక ముసలాయన సొమ్మసిల్లి పడిపోయి ఉన్నాడు. ఆయన కోలుకున్నాడు. పైఅధికారి ఓబులేశ్వరిని ఏమీ అనలేదు, ఆస్పత్రికి వెళ్లమన్నాడు. ఇంటికి వచ్చాక ఆమె చాలాసేపు ఏడ్చింది. కడుపులో బిడ్డ కదులుతుంటే, ఆ బిడ్డ మీద కూడా కోపం వచ్చినందుకు ఇంకాస్త ఏడ్చింది.

ఆస్పత్రివాళ్లు ఆమెను హంసిని పరిశోధనశాలకు పంపారు.

డాక్టర్ హంసిని ఎముకల కీళ్ల మీద ఏళ్లతరబడి పనిచేసిన మనిషి. కాన్పుకు దారి ఇవ్వడానికి శరీరం ముందుగానే కటివలయాన్ని, అంటే నడుం కింది ఎముకల చుట్టును, సిద్ధం చేసుకుంటుంది. అక్కడి కీళ్లను బిగించి పట్టుకునే స్నాయువులను వదులు చేస్తుంది. కొందరిలో అవి మరీ వదులై, అడుగు వేసినా, పక్కమీద ఒత్తిగిల్లినా కీలు కదిలి ప్రాణం తీస్తుంది. దానికి విరుగుడుగా హంసిని తయారుచేసిన పరికరం పేరు నడికట్టు. చూడ్డానికి మెత్తటి అల్లిక పట్టీ. అల్లికలో కలిసిపోయిన సెన్సర్లు నాడుల్లో పరుగెత్తే నొప్పి సంకేతాలను పసిగట్టేవి. నొప్పి మొదలవగానే పట్టీ ఆ పక్కన బిగిసి కీలుకు ఊతమిచ్చేది. బిడ్డను తాకనంత సన్నటి విద్యుత్ స్పందనలు పంపి, ఆ సంకేతాన్ని మెదడు దాకా పోనిచ్చేది కాదు. పట్టీ ముందువైపు బఠాణీ గింజంత దీపం ఉండేది. హంసిని దానికి వేదనాసూచి అని పేరు పెట్టింది. నొప్పి ఉన్నంతసేపూ అది నారింజరంగులో వెలిగి, నొప్పి పోగానే ఆరిపోయేది. నొప్పి ఉందో లేదో పరిశోధకులు ఒక్క చూపులో తెలుసుకోవడానికి పెట్టిన దీపం అది, అంతే.

“ఇది ఇంకా పరీక్షల్లోనే ఉందమ్మా. కొందరికి అసలు పట్టీ ఇస్తాం, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త పట్టీ. ఎవరికి ఏది వెళ్లిందో పరీక్ష ముగిసేదాకా నాకూ తెలియదు. ఒప్పుకుంటారా?” అని అడిగింది హంసిని.

“ఏదైనా ఇయ్యండి మేడమ్. నాకు నిద్ర కావల్ల” అంది ఓబులేశ్వరి.

మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలనీ, తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ ఒకటిగా కలిపి తిరగాలనీ, ఒంటికాలి మీద నిలబడి చీర కట్టుకోవద్దనీ, మెట్లు తగ్గించమనీ హంసిని అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పి పంపింది.

పరీక్ష ముగిశాక సహాయ పరిశోధకుడు ఇంతియాజ్ వివరాలన్నీ క్రోడీకరించి, తలపట్టుకుని హంసిని గదిలోకి వచ్చాడు.

“మేడమ్, అసలు పట్టీ బాగా పనిచేసింది. కట్టుకున్నవాళ్లలో ఎక్కువమందికి నొప్పి దాదాపు పోయింది.”

“మరి ఆ మొహం ఏమిటి?”

“నిద్ర మేడమ్. నొప్పి పోయినవాళ్ల నిద్ర అంతంతమాత్రంగానే మెరుగైంది. ఉత్త పట్టీ కట్టుకున్నవాళ్లకు నొప్పి తగ్గలేదు కానీ, వాళ్లే బాగా నిద్రపోయారు.”

“అలా ఎలా జరుగుతుంది? పేర్లు తారుమారయ్యాయేమో చూడు.”

“రెండుసార్లు చూశాను. అందరికంటే బాగా నిద్రపోయింది ఓబులేశ్వరి అనే ఆవిడ. ఆమెది ఉత్త పట్టీ.”

హంసిని ఆ పూటే ఒక అసలు పట్టీ సంచిలో పెట్టుకుని ఓబులేశ్వరి ఇంటికి బయలుదేరింది. నిద్రకూత మోగే వేళ దగ్గరపడింది. కూత మోగాక వీధిలో తిరగకూడదు కాబట్టి ఆ మధ్యాహ్నం వాళ్లింట్లోనే ఉండాల్సి వచ్చింది. సుంకులమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి చలువగదిలో చాప పరిచింది. తొమ్మిదో నెల నిండబోతున్న ఓబులేశ్వరి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె నడుం మీద దీపం వెలుగుతోంది. మద్దిలేటి ఆమె వెనక దిండు సర్దుతున్నాడు.

“ఓబులేశ్వరీ, మీకొక సంగతి చెప్పాలి” అంది హంసిని. “మీకు వచ్చింది ఉత్త పట్టీ. అందులో సెన్సర్లూ దీపమూ మాత్రమే ఉన్నాయి. నొప్పిని తగ్గించే ఏర్పాటు లేదు.”

“తెలుసు మేడమ్.”

“తెలుసా?”

“నొప్పి నాది గదా. తగ్గిందో లేదో నాకు తెలీదా? నొప్పి ఉందా అని మీరు అడిగినప్పుడల్లా ఉందనే చెప్పినా. నిద్ర పడ్తావుందా అన్నారు, పడ్తావుంది అన్నా. రెండూ నిజమే.”

“అదే నాకు అర్థం కావడం లేదు.”

ఓబులేశ్వరి భర్త వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. “తొలిరోజు నేను తిరగబోతే దీపం వెలిగింది. గదంతా చీకటి గదా, ఆ వెలుగు ఈయన కండ్లల్లో పడింది. లేచి కూర్చున్యాడు. ‘అబ్బా, నిజంగానే నొప్పి ఉండాదే’ అన్యాడు. నడుం పట్టి తిప్పి, కాళ్ల నడుమ దిండు పెట్టినాడు. అప్పట్నుంచి దీపం చూస్తే చాలు, లేస్తాడు. కసువు ఊడ్చేకి వంగినానంటే అత్త దీపం చూసి పొరక పెరుక్కుంటాది. నొప్పి అట్లనే ఉంది మేడమ్. కానీ ఎవురో ఒకరు పట్టుకుని తిప్పుతారని తెలిస్తే భయం పోతాది. భయం పోతే నిద్ర వస్తాది.”

హంసిని ఆమె నడుం మీది దీపం వైపు చూసింది.

“మా వీధి చివర రహమత్‌బీకి మీరిచ్చింది అసలుదేమో” అంది ఓబులేశ్వరి. “ఆమె దీపం వెలగదు. ‘నీకు బాగయింది గదా’ అని ఇంటి పనంతా ఆమె మీదనే వేసినారు. నీళ్ల బిందెలు కూడా ఆమే మోస్తాది. నొప్పి లేదు గానీ ఒళ్లు అలిసిపోయి కన్ను మూతపడదంట.”

హంసిని సంచిలోంచి అసలు పట్టీ తీసి ముందు పెట్టింది. “ఇది మీకోసం తెచ్చాను. ఇన్నాళ్లు పడ్డారు, ఇంక పడొద్దు.”

ఓబులేశ్వరి దాన్ని ముట్టుకుంది కానీ చేతిలోకి తీసుకోలేదు. “దీపం ఆరిపోతాది గదా మేడమ్.”

ఆ మాట మద్దిలేటికి తగిలింది. “నేనేమన్నా రాక్షసుణ్ణా? దీపం లేకపోతే లెయ్యనా?”

“ఇంతకుముందు లేచినావా?” అంది ఆమె. గొంతులో కోపం లేదు. అందుకే కాబోలు అతను తల దించుకున్నాడు.

చివరికి ఓబులేశ్వరి ఒప్పుకుంది. ఉత్త పట్టీ విప్పి పక్కన పెట్టింది. హంసిని అసలుదాన్ని కట్టి సరిచేస్తుంటే, విప్పిన పట్టీని సుంకులమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“డాక్టరమ్మా, ఈ దీపం అబద్ధం చెప్పదా?”

“చెప్పదమ్మా.”

“ఎవురు కట్టుకున్యా చెప్పదా?”

“ఎవరు కట్టుకున్నా చెప్పదు.”

సుంకులమ్మ ఎవరి వైపూ చూడకుండా దాన్ని తన నడుముకు చుట్టుకుంది. గోడ పట్టుకుని, నేల మీద నుంచి మెల్లగా పైకి లేచింది. సగం లేచేసరికే దీపం వెలిగింది. నారింజరంగు వెలుగు ఆమె పాతచీర మీద, ఎదురుగా ఉన్న గోడ మీద పడింది. ఆమె గబుక్కున అరచేత్తో దాన్ని మూసేసింది. వేళ్ల సందుల్లోంచి వెలుగు బయటికి వస్తూనే ఉంది.

మద్దిలేటి తల్లి దగ్గరికి వచ్చాడు. “ఎప్పట్నుంచమ్మా?”

“నువ్వు కడుపులో ఉన్నప్పట్నుంచి.”

హంసినికి అది కొత్త కాదు. కాన్పు తర్వాత కూడా కొందరి కీళ్లు సరిగా సర్దుకోవనీ, ఆ నొప్పి ఏళ్లపాటు ఉండిపోతుందనీ ఆమె చదివింది, రాసింది కూడా. అలాంటి మనిషి తనకు మజ్జిగ ఇచ్చి చాప పరిచినప్పుడు మాత్రం గుర్తుపట్టలేకపోయింది.

“నాకెప్పుడూ చెప్పలేదే?” అన్నాడు మద్దిలేటి.

“చెప్పినా నాయనా. మీ నాయనకు చెప్పినా, మా అత్తకు చెప్పినా. అందరూ కన్నోళ్లే గదా అన్యారు. ఇంగ చెప్పడం మానుకున్యా.” ఆమె కోడలి వైపు తిరిగింది. “ఆ మాటే మళ్లీ నీకు చెప్పినా ఓబులూ. వేరే ఏం చెప్పల్లో నాకు ఎవురూ నేర్పలేదు.”

ఓబులేశ్వరి తన దిండును అత్త వైపు జరిపింది. సుంకులమ్మ వద్దంటూనే తీసుకుంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, హంసిని దగ్గరికి వెళ్లి, ఆమెను పక్కకు పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి చూపించింది. చికిత్స చేయిద్దాం, పరిశోధనశాలకు రండి అని చెప్పింది. “ఈ వయసులోనా?” అంది సుంకులమ్మ. కానీ రానని అనలేదు.

నిద్రకూత మోగింది. రేకు తలుపులు దిగి గది చీకటైంది. సుంకులమ్మ నడుం మీది దీపం ఒక్కటే కాసేపు వెలిగి, ఆమె కుదురుకున్నాక మసకబారింది. హంసిని చాప మీద పడుకుని నడికట్టును ఎలా మార్చాలా అని ఆలోచించింది. నొప్పి పోయినా దీపం వెలిగేలా చేయవచ్చు. అది సులువే. కానీ అప్పుడు అది అబద్ధం చెప్పే దీపం అవుతుంది. ఒకరోజు ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలిస్తే దీపాన్నీ నమ్మడం మానేస్తారు. దీపాన్నే తీసేస్తే? లోకంలో ఎందరు ఆడవాళ్లు మళ్లీ గోడ పట్టుకుని ఒంటరిగా లేస్తారు? ఏ దారీ ఆమెకు తోచలేదు.

చీకట్లో ఓబులేశ్వరి మోకాళ్లు కలిపి పక్కకు తిరిగింది. నెలల తర్వాత మొదటిసారి నొప్పి లేకుండా తిరిగింది. ఆమె నడుం మీద ఏ వెలుగూ లేదు.

“ఓబులూ, నొప్పిగా ఉందా?” అని అడిగాడు మద్దిలేటి.

ఆమె ఆ ప్రశ్నను కాసేపు అలాగే ఉండనిచ్చింది.

“లేదు” అంది తర్వాత. “నువ్వు పండుకో.”