నీలిపూల నేల

ఆఖరి టైలు కడిగి గోడకు ఆనించేసరికి ఉడుత గౌను మోకాళ్ల దాకా తడిసిపోయింది. అయినా ముఖం మాత్రం వెలిగిపోతోంది. అరవై టైల్స్! అన్నింటి మీదా ఒకటే నీలిపువ్వు. మట్టి పోయింది, మరకలు పోయాయి, ఎవరో గీసిన సుద్ద గీతలు కూడా పోయాయి.

ఆ పిల్లకు అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట నిలవదు కాబట్టి ఇంట్లో అందరికీ ఉడుతే.

ఆ పాత భవనం ఒకప్పుడు రొట్టెల కొట్టు. ఇప్పుడు వాళ్ల ఇల్లు కాబోతోంది. కింద అమ్మ పుస్తకాలు బైండింగ్ చేసుకునే గది, పైన కాపురం. పాత తలుపులే, పాత ఇటుకలే మళ్లీ వాడుతున్నారు. వాన నీళ్లు దాచుకోవడానికి నేల కింద తొట్టి కట్టారు. అందుకోసం ఊడదీసిన టైల్స్‌ను రేపు మళ్లీ పరవాలి.

భోజనం చేసి వచ్చిన ముసలి మేస్త్రీ వాటిని చూసి నిలబడిపోయాడు. ఉడుత ఆయన్ని తాతా అని పిలుస్తుంది.

"నంబర్లేవమ్మా? ఒక్కోదాని మీదా సుద్దతో వేశాననుకున్నానే!" అన్నాడు అమ్మతో. "ఒక్కో టైలు ఒక్కో తీరుగా అరిగింది. తారుమారైతే నేలంతా ఎగుడుదిగుడే. వెయ్యడం మరిచిపోయానేమో. ఇక పని మానుకోవాలి కాబోలు."

"మీకు మతిమరుపేంటి బాబాయ్!" అంది అమ్మ.

తను కడిగేసిన సుద్ద గీతలే ఆ నంబర్లని ఉడుతకు అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తాత కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ వెతుకుతుంటే చూడలేకపోయింది.

"నువ్వు మరిచిపోలేదు తాతా! నేనే కడిగేశా. అమ్మ సంతోషిస్తుందని..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

అమ్మ తల పట్టుకుంది. "ఒక్క మాట అడగొచ్చు కదే!"

తాత మాత్రం పెద్దగా నవ్వేశాడు. "కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! పోనీలే తల్లీ, నా బుర్ర బాగానే ఉందన్నమాట."

ఉడుత కళ్లు తుడుచుకుని ఒక టైలును వేళ్లతో తడిమింది. పువ్వు దాదాపు అరిగిపోయింది. ఇంకొకటి కొత్తదానిలా ఉంది. మరొకటి కడిగినా పోనంతగా పొగచూరి నల్లబడింది. కిటికీ అద్దంలోంచి ఎండ నెమ్మదిగా దిగుతోంది. ఉడుతకు ఎక్కడినుంచో వేడి రొట్టెల వాసన వచ్చినట్టే ఉంది. చేతిసంచులతో జనం వరుసలో నిలబడినట్టు ఊహించుకుంది. ఒక పాప కాళ్లు మార్చి మార్చి నిలబడుతోంది.

"తాతా, జనం నిలబడేది ఎక్కడ?"

"కౌంటర్ ముందు. అదిగో, ఆ గోడ దగ్గర."

"అయితే అరిగినవన్నీ అక్కడివే! నల్లవి పొయ్యి దగ్గరివి. కొత్తగా ఉన్నవి బీరువా కిందవి!"

తాత కళ్లు పెద్దవయ్యాయి. ముగ్గురూ నేల మీద కూర్చుని టైల్స్‌ను పక్కపక్కన పెట్టి, అంచులు తడిమి చూస్తూ సాయంత్రం దాకా జత చేశారు. రెండు మాత్రం ఎక్కడివో తేలలేదు. వాటిని గుమ్మం పక్కన వేద్దామన్నాడు తాత.

వారం తర్వాత ఉడుత తడిగుడ్డ పట్టుకుని పాత ద్వారబంధం తుడుస్తోంది. ఒక పక్కన ఒకదానిపైన ఒకటి సన్నని పెన్సిల్ గీతలు కనిపించాయి. చెయ్యి అక్కడే ఆగింది.

"అమ్మా! తాతా! ఇవి తుడవచ్చా?"

అమ్మ వంగి చూసింది. "ఇక్కడెవరో పిల్లలు ఎంత ఎదిగారో కొలుచుకున్నారే!"

తాత చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీశాడు. "తుడవకు. ఇలా వచ్చి నిలబడు."

ఉడుత గుడ్డ పక్కన పడేసి, ద్వారబంధానికి వీపు ఆనించి, ఒక్క క్షణం కదలకుండా నిలబడింది.