మెట్ల కింది పెంకులు

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ అది పనిచేసిన రోజు గుమాస్తాకు గుర్తు లేదు. అందుకే ఆ ఉదయం టాక్సీ డ్రైవరూ, వాచ్‌మనూ కలిసి ఒకావిడను చక్రాల కుర్చీతో సహా మోసుకొచ్చి, వగరుస్తూ గదిలో దింపేసరికి అతనికి ముందు జాలి కలిగింది, ఆ వెంటనే సిగ్గేసింది.

ఆవిడకు నలభై లోపే. బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని. ఏళ్ల తరబడి కత్తెర పట్టిన బొటనవేలు కాయ కాసింది. కాళ్ల మీద దుప్పటి కప్పుకుంది.

"నన్ను చంపాలని చూస్తున్నారు మేడమ్. ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పదు."

కిటికీ దగ్గరున్న డేగమ్మ వెనక్కి తిరిగింది. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తవ్వితీసే పని చేసి చేసి, విసుగెత్తి సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. డేగమ్మ అన్నది పోలీసులు వెటకారానికి పెట్టిన పేరు. ఇప్పుడు వాళ్లే ఆ పేరు పెట్టి ఫోన్ చేసి సాయం అడుగుతారు. గుమాస్తా బ్యాంకు ఉద్యోగం మానుకుని మరీ ఆమె దగ్గర చేరాడు. ఇంట్లో వాళ్లు ఇప్పటికీ అతనికి బుద్ధి లేదనే అంటారు.

"ఎవరు చూస్తున్నారు?"

"మా మరదలు. తమ్ముడి పెళ్లాం. నేనంటే దానికి పీకల దాకా కోపం."

"మొదట్నుంచి చెప్పు. ఏడుపు తర్వాత."

ఆవిడ చెప్పింది. తండ్రి పోతూ ఇల్లు అక్కాతమ్ముళ్లిద్దరి పేరా రాసిపోయాడు. పాత ఇల్లు. పోయిన వానలకు పైకప్పు దూలం ఒకటి ఊడి తమ్ముడి చిన్నకొడుకు మంచం పక్కనే పడింది. జానెడు ఇటు పడితే పిల్లాడు దక్కేవాడు కాదు. బీదసాదల పేటలు బాగు చేయడానికి ఇళ్ల మరమ్మతు గ్రాంటు ఇస్తున్నారని విని అర్జీ పెట్టుకున్నారు. సర్వే ఆయన ఇంటికొచ్చి, అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టి లెక్క చూశాడు. ఇంట్లో అందరి సంపాదనా కలిపితే గీత దాటింది. దాటించింది ఈవిడ జీతం.

"నేను హాస్టల్‌కి పోతానన్నాను మేడమ్. పోయినా లాభం లేదన్నాడు. గడిచిన ఏడాది ఇంట్లో ఎవరెంత సంపాదించారో అదే లెక్కట. ఆ రోజు నుంచీ మరదలు నన్ను తిట్టని పూట లేదు. నీ జీతమే నా పిల్లల నెత్తిన పడుతుంది అనేది."

"సర్వే ఆయన ఇంకేమైనా అన్నాడా?"

"పనిచెయ్యలేని వికలాంగులు ఇంట్లో ఉంటే అసలు సంపాదన లెక్కే అడగరన్నాడు. మీకు అలాంటివాళ్లు లేరుగా అని నవ్వాడు."

డేగమ్మ నవ్వలేదు. "తర్వాత?"

తర్వాత మెట్టు. ఆవిడ పడుకునేది పైగదిలో. పెరట్లో దిగే చెక్కమెట్లు. తెల్లారకముందే పనికి వెళ్లేది కాబట్టి అందరికన్నా ముందు దిగేది. మూడు వారాల కిందట పైనుంచి రెండో మెట్టు కాలు పెట్టగానే ఊడిపోయింది. నడుం విరిగింది. ఇక లేచి నడవడం కల్ల అని డాక్టరు తేల్చేశాడు.

"అదృష్టం కొద్దీ తల పగల్లేదు. మెట్ల కింద ఎప్పుడూ పగిలిన పెంకుల గుట్ట ఉంటుంది. ఆ రోజెందుకో లేదు."

"అదృష్టం," అంది డేగమ్మ, ఆ మాట రుచి చూస్తున్నట్టు. తర్వాత చెప్పుల కోసం వెతుక్కుంది.

*

ఇల్లు సందు చివర ఉంది. తలుపు తీసింది తల్లి. నడుం వంగిన మనిషి, చెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. కూతుర్ని చూడగానే "ఎక్కడికి పోయావే, గుండె ఆగిపోయింది నాకు" అని ఒళ్లంతా తడిమింది. తమ్ముడు పరుగున వచ్చి, అక్కను కుర్చీలోంచి చంటిపిల్లలా రెండు చేతులతో ఎత్తి మంచం మీద దింపాడు. వడ్రంగి. ఎత్తడంలో ఎంత నేర్పు, ఎంత మెత్తదనం! గుమాస్తా మనసు కరిగిపోయింది. అతని మనసు అంత తేలిగ్గా కరుగుతుందనే డేగమ్మ అతన్ని రోజూ ఆటపట్టిస్తుంది.

మరదలు మాత్రం గుమ్మంలోనే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నన్నే అనుమానించి ఉంటుంది. అవునా?"

"తిట్టావా లేదా?" అంది డేగమ్మ.

"తిట్టాను. రోజూ తిట్టాను. నా పిల్లల మీద ఇల్లు కూలుతుంటే దండ వేస్తానా? ఆవిడ పడ్డప్పుడు మొదట పరిగెత్తిందీ నేనే. ఒంటికాలి చెప్పుతో సందు చివరిదాకా టాక్సీ కోసం ఉరికాను. అదీ చెప్పిందా మీకు?"

మంచం మీదున్నావిడ గోడ వైపు తల తిప్పుకుంది.

"ఊడిన మెట్టు చూడాలి," అంది డేగమ్మ.

"చెద పట్టింది మేడమ్," అన్నాడు తమ్ముడు. "చూస్తే అక్కకు బాధని పొయ్యిలో పెట్టేశాను."

పెరట్లో మెట్లు అలాగే ఉన్నాయి, రెండోది తప్ప. డేగమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పైకెక్కింది. మెట్టును మోసిన పక్క చెక్కల మీద మేకుల బెజ్జాలు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. చుట్టూ ఒక్క పేడు లేచి లేదు. చెక్క మీద గోరు నొక్కింది. దిగలేదు.

కింద మెట్ల మొదట్లో నేల ఒక్క చోట మాత్రం నల్లగా, చెమ్మగా, గడ్డి లేకుండా ఉంది. అక్కడ ఉండాల్సిన పెంకులు నీళ్ల తొట్టి వెనక కనిపించాయి. ఎవరో ఒకదాని మీద ఒకటి బుద్ధిగా పేర్చారు. రెండేసి పెంకుల మధ్య ఒక పాత గుడ్డపీలిక.

"పగిలిన పెంకులకు పరుపులేంటి మేడమ్?" అన్నాడు గుమాస్తా.

"మంచి ప్రశ్న. జవాబు కూడా మీరే చెబితే జీతం పెంచుతాను."

అతను తల గోక్కున్నాడు. జీతం పెరగలేదు.

పక్కనే గోడకు చేరవేసి ఒక కొత్త ద్వారబంధం ఉంది. ఆ ఇంట్లో ఉన్న ఏ గుమ్మం కన్నా బాగా వెడల్పు.

"అక్క కుర్చీ పట్టాలిగా మేడమ్," అన్నాడు తమ్ముడు. "ఆసుపత్రి నుంచి తేగానే మొదలెట్టాను. రాత్రింబవళ్లు కూర్చుని చేశాను."

డేగమ్మ ద్వారబంధానికీ గోడకూ మధ్య సందులోకి తొంగి చూసింది. అక్కడ కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది, సగం చెక్క మీద, సగం గోడ మీద. గూటికి చిన్న రంధ్రం. లోపల ఖాళీ. ఆమె గుమాస్తాను పిలిచి అదీ చూపించింది. చూశాడు. చెక్క, గోడ, పురుగు గూడు. అంతకు మించి అతనికి ఏమీ కనబడలేదు.

వంటింట్లో తల్లి టీ కాస్తోంది. "పెంకులు ఎవరు తీశారు పెద్దమ్మా?" అని అడిగింది డేగమ్మ.

"నాకేం తెలుసు తల్లీ." పొంగుతున్న టీ వదిలేసి చెంగుతో మళ్లీ చేతులు తుడుచుకుంది. "దేవుడే తీయించి ఉంటాడు."

*

మర్నాడు సాయంత్రం ముందు గదిలో అందరినీ కూర్చోబెట్టింది డేగమ్మ. సర్వే ఆయన్ని కూడా పిలిపించింది. అక్క పడ్డాక తమ్ముడు మళ్లీ పెట్టిన అర్జీకి గ్రాంటు మంజూరైందన్న కబురు తెచ్చాననే ధీమాతో ఆయన మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. సందు మొదట్లో పోలీసు జీపు ఆగి ఉంది. అది గుమాస్తాకు మాత్రమే తెలుసు.

"మొదట నీకు ధైర్యం చెప్పాలి," అంది డేగమ్మ, మంచం మీదున్నావిడతో. "నిన్నెవరూ చంపాలని చూడలేదు. ఇకముందు నీ మీద ఈగ కూడా వాలనివ్వరు."

"మరి మెట్టు?"

"చెద పట్టి విరిగితే మేకులు పక్క చెక్కల్లోనే ఉండిపోతాయి. మేకులు లేవు, బెజ్జాలు చెక్కుచెదరలేదు. పనిముట్టు పట్టడం తెలిసిన చెయ్యి నిదానంగా పీకింది. నిన్ను చంపాలనుకుంటే దారులు బోలెడు. కానీ నువ్వు చస్తే వాళ్లకేం ఒరుగుతుంది? గడిచిన ఏడాది నీ జీతం లెక్కలో అలాగే ఉంటుంది. నువ్వు బతకాలి. బతికి, నడవకూడదు. అప్పుడే లెక్క అడగరు."

సర్వే ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. మరదలు మొగుడి వైపు చూసింది.

"ఆ ద్వారబంధం," అంది డేగమ్మ. "నువ్వు పడి మూడు వారాలు. నీ తమ్ముడు ఆ తర్వాతే చేశానన్నాడు. చెక్కకూ గోడకూ కలిపి కందిరీగ గూడు కట్టింది. గుడ్డు పెట్టి, పిల్ల పెరిగి, గూడు పొడుచుకుని ఎగిరిపోయింది. దానికి నెల దాటాలి. అంటే నువ్వు రెండు కాళ్ల మీద పనికి పోతూ వస్తున్నప్పుడే, నీ కుర్చీకి గుమ్మం తయారై పెరట్లో నిలబడి ఉంది."

గుమాస్తా నిన్న తన మనసు కరిగించిన ఆ రెండు చేతుల వైపు చూశాడు. అవి మోకాళ్ల మీద నిశ్చలంగా ఉన్నాయి.

"కాలు విరుగుతుందనుకున్నా అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నడుం అనుకోలేదు. కాలే అనుకున్నా."

అది క్షమాపణ అని అతని ఉద్దేశం కాబోలు. మరదలు అతని చెంప ఛెళ్లుమనిపించింది. "నా పిల్లల పేరు చెప్పి చేశావా ఇది? నా పిల్లల పేరు చెప్పి?"

"ఇంకొకటుంది," అంది డేగమ్మ. ఆ గొంతు విని గుమాస్తాకు భయమేసింది. చెప్పకుండా ఉంటే బాగుండునని ఆమె కూడా అనుకుంటోందని అతనికి తెలిసిపోయింది. "పెంకులు. మెట్టు వదులు చేసినవాడే తీశాడనుకున్నాను. కానీ సొంత ఇంట్లో పెంకులు తీయడానికి దొంగతనమెందుకు? పట్టపగలే తట్టలో ఎత్తి పారెయ్యొచ్చు. మధ్యమధ్య గుడ్డలు పెట్టింది చప్పుడు కాకూడదని. చీకట్లో, ఈ ఇంట్లో వాళ్లకే వినబడకూడదని. అంటే, ఏం జరగబోతోందో తెలిసి, ఆపకుండా, కింద చోటు మాత్రం చదును చేసిన మనిషి ఇంకొకరున్నారు. ఇతను కాదు. ఇతని భార్యకు తెలియదు, మీరిప్పుడు చూశారుగా."

తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా," అంది కూతురు.

"వాడు మేకులు పీకుతుంటే చూశానే," అంది తల్లి. "అడిగితే ఇల్లు నిలబడాలా వద్దా అన్నాడు. నీకు చెబితే నువ్వు వెళ్లిపోతావు. వాడికి అడ్డం పడితే పిల్లల మీద కప్పు పడుతుంది. నేనేం చెయ్యను? తల పగిలి చస్తావేమోనని రాత్రంతా ఒక్కొక్క పెంకే మోశాను. నడుం పడిపోయిందే నాకు."

"నీ నడుమా?" అంది కూతురు.

గుమాస్తా వెళ్లి జీపును పిలుచుకొచ్చాడు. తమ్ముడు పెనుగులాడలేదు. గుమ్మం దాటేటప్పుడు కూడా అలవాటుగా అక్క కుర్చీని దారికి అడ్డం లేకుండా పక్కకు జరిపి వెళ్లాడు.

"మీ అమ్మ సంగతి?" అడిగింది డేగమ్మ. "ఫిర్యాదులో రాయమంటే రాయిస్తాను."

ఆవిడ జవాబు చెప్పేలోపే సర్వే ఆయన గొంతు సవరించుకున్నాడు. పాపం, తన వంతుగా ఒక మంచి మాట చెప్పాలని ఆయన ఆరాటం.

"గ్రాంటు గురించి మీరేం బెంగపడకండి. వైకల్యం ఎలా వచ్చిందని మా నిబంధనల్లో ఎక్కడా అడగం. ఉందా లేదా, అంతే."

"అయితే ఇల్లు బాగవుతుందా బాబూ?" అంది తల్లి.

కన్నీళ్లు ఇంకా ఆరలేదు. కానీ ఆ ముఖం వెలిగింది. అందరూ చూశారు. మంచం మీదున్నావిడ ఇంకా బాగా చూసింది.

"అవుతుందమ్మా. కాకపోతే ఇంట్లో ఉండేవాళ్ల వివరాలు మళ్లీ రాసుకోవాలి. ఒకరు తగ్గారు కదా." ఆయన పెన్ను తీశాడు. "హక్కుదారుల్లో ఇప్పుడు ఇంట్లో ఉన్నది మీరే కాబట్టి మీరు చెప్పండి మేడమ్. ఎవరెవరుంటారు?"

"నేను," అందావిడ. "మా మరదలు. దాని పిల్లలిద్దరు."

మరదలు తలెత్తి చూసింది. సర్వే ఆయన రాసుకుని, పెన్ను పైకెత్తి ఆగాడు.

"అమ్మగారు?"

"నలుగురమేనండి," అందావిడ. "కింద గీత కొట్టెయ్యండి."