క్లాసు గుమ్మం

పొద్దున్నే మామయ్య మేనకోడలి దుప్పటి లాగేశాడు. "లేవండి ఆఫీసరు గారూ, అవతల ఫైళ్లు పేరుకుపోయాయి!"

తొమ్మిదో క్లాసు పిల్ల గోడవైపు తిరిగింది. "కడుపునొప్పి మామయ్యా."

"నిన్న తలనొప్పి, మొన్న కాలునొప్పి. రేపు ఏ పార్టు?"

"వేళాకోళాలు ఆపరా!" వంటింట్లోంచి అక్క కసిరింది. "ఇంకో వారం బడికి పోకపోతే పరీక్ష రాయనివ్వరట."

బావ పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచి ఆ ఇంటిని నవ్వించే డ్యూటీ తనదేనని మామయ్య నమ్మకం.

అంతలో టీచరమ్మ వచ్చింది. బడి మానేస్తున్న పిల్లల ఇళ్లకెళ్లి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడడం ఆవిడ పని. పిల్లతో పది నిమిషాలు మాట్లాడతానని అడిగి, గది తలుపు దగ్గరగా వేసింది. మామయ్య ఊరుకుంటాడా? తలుపుకి చెవి ఆనించి, అక్కకేసి కన్నుకొట్టాడు.

"ఎందుకు రావట్లేదని అడగను తల్లీ. క్లాసులో కూర్చుంటే ఏమవుతోందో చెప్పు."

మంచం కిర్రుమంది. పిల్ల లేచి కూర్చున్నట్టుంది.

"గుమ్మంలోకి ఎవరొచ్చినా నన్ను పిలవడానికే అనిపిస్తుంది టీచర్. ఆ రోజు మామయ్య క్లాసు గుమ్మంలోకొచ్చి, సినిమాకి టికెట్లు దొరికాయి పద అన్నాడు. అందరికీ టాటా చెప్పి ఎగురుకుంటూ వెళ్లాను. దారంతా పాటలే. వీధి మలుపు తిరిగితే, మా ఇంటి ముందు అన్నీ చెప్పులు... ఇంట్లో ఉంటే అమ్మ కళ్లెదుటే ఉంటుంది. ఎవరూ వచ్చి పిలవక్కర్లేదు."

తలుపు దగ్గరికొచ్చి విన్న అక్క తమ్ముడి భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "సినిమా అని తీసుకొచ్చావట్రా? ఆయన అలా పడుకుని ఉంటే?"

"దారిలో ఏడుస్తుందని అక్కా... ఆ కాసేపైనా నవ్వనీ అని..."

"ఆ కాసేపటి కోసం పిల్లని ఏం చేశావో చూడు!"

అతను లోపలికెళ్లి మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా. నాకు నోరు రాలేదు."

"నేను నవ్వుతూ వచ్చాను మామయ్యా. అందరూ చూశారు." పిల్ల మోకాళ్లలో తల దాచుకుంది. "ఇప్పుడు చెప్పు. నిజం చెప్పు."

మామయ్య ఈసారి జోకు వెయ్యలేదు. పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్న పోయాడమ్మా. నిన్ను ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను."

ఎనిమిది నెలల్లో మొదటిసారి పిల్ల భోరుమంది. అక్క వచ్చి ఇద్దర్నీ పొదివి పట్టుకుంది.

"రేపు ఒక్క పీరియడు చాలు," అంది టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నీ పక్కనే కూర్చుంటాను."

"సరే టీచర్. మామయ్యా, నువ్వు మాత్రం క్లాసు దగ్గరికి రావద్దు."

"రానమ్మా."

మర్నాడు అతను గేటు దగ్గరే ఆగిపోయాడు. పిల్ల వెనక్కి చూడకుండా లోపలికెళ్లింది. ఆ పీరియడు అయ్యేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.