మూడు సెకండ్ల మాట

“వంకాయలు తాజావేనా?” అని అడిగింది ప్రవల్లిక.

“పొద్దున్న కోసినవే!” అన్నాడు బండివాడు, ఆమె మాట పూర్తికాకుండానే.

బండికి తగిలించిన నిజమాపకం పచ్చగా వెలిగింది. వంకాయలు మాత్రం ముడతలు పడి ఉన్నాయి. ఆమె కొనలేదు. పచ్చదీపాన్ని నమ్మని మనిషి ఆ వీధి మొత్తానికి డెబ్భై తొమ్మిదేళ్ల ప్రవల్లిక ఒక్కతే.

అరచేతిలో పట్టే ఆ పెట్టె మనిషి గొంతు విని నిజమో అబద్ధమో తేల్చేస్తుంది. బడిలో, బ్యాంకులో, చివరికి పెళ్లిచూపుల్లో కూడా దాని మాటే మాట. తడుముకోకుండా అబద్ధమాడేవాళ్లు హాయిగా బతికేస్తున్నారు. ప్రవల్లిక కూతురు తారామణికి ఆ విద్య రాదు. ఆమె ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. రోగికి జ్వరం తిరగబెట్టింది, మందు వేళకు ఇచ్చావా అని అడిగారు. ఆమె ఆ రోజంతా ఒకసారి గుర్తు చేసుకుని “ఇచ్చానండి” అంది. ఎర్రదీపం వెలిగింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇవాళ్టి విచారణలో తేలుతుంది.

కూతురి తరఫున సాక్ష్యం చెప్పడానికి ప్రవల్లిక ఖాళీ సంచితోనే ఆసుపత్రికి వెళ్లింది. విచారణాధికారి గుణాకర్ బల్లమీద నిజమాపకం పెట్టి, చెప్పమన్నాడు.

“ఈ పెట్టెకి పాఠం సెప్పినోళ్లలో నానొకదాన్ని బాబూ,” అంది ప్రవల్లిక. “యాభై ఏడేళ్ల కిందట, బొబ్బిలిలో ఓ మేడమీద. నలభై మంది ఆడోళ్లం. సెవులకి హెడ్‌ఫోన్లు ఎట్టుకుని ఎవులెవులివో మాటలు ఇనీవోళ్లం. ఇది నిజం, ఇది అబద్దం అని మీట నొక్కాల. మా గుర్తులన్నీ పోగేసి యంత్రానికి నేర్పినారు. మాటకి మూడు సెకండ్లే టైము. అవతలోడు ఆగినాడంటే మా టైము అయిపోద్ది. అందుకని మా సూపర్‌వైజరు లీలమ్మగారు ‘నీళ్లు నమిలినోళ్లందర్నీ అబద్దాల్లో ఎట్టీండి’ అన్నాది. ఎట్టీసినాం. నా కూతురు ఆలోసించి మాటాడతాది బాబూ. అదొక్కటే దాని తప్పు.”

ఇరవైసార్లు అద్దం ముందు వల్లించి వచ్చిన మాటలవి. దీపం పచ్చగానే ఉంది. తారామణి ముఖం కాస్త తేటపడింది.

గుణాకర్ మర్యాదగానే అడిగాడు. “అమ్మగారూ, ఆగి మాట్లాడినవాళ్లు చెప్పేది నిజం కావచ్చని తెలిసి కూడా మీరు అబద్ధమని నొక్కారా?”

ఈ ప్రశ్న ఆమె అనుకోనిది. ఆనాడు హెడ్‌ఫోన్లలో విన్న ఒక ముసలాయన గొంతు గుర్తొచ్చింది. మీ ఆవిడ ఎలా పోయిందని ఎవరో అడిగారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె అబద్ధమని మీట నొక్కేశాక వినిపించింది: “మంచినీళ్లు అడిగింది. తెచ్చేసరికి పోయింది.” నొక్కినదాన్ని వెనక్కి తీసుకునే మీట లేదు. ఆమె కళ్లు తుడుచుకుని టీ తాగడానికి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ సిగ్గు పోలేదు.

“నొక్కినాను బాబూ,” అంది చివరికి.

దీపం ఎర్రబడింది.

సాక్ష్యం నమ్మదగినది కాదని గుణాకర్ రాసుకున్నాడు. అరగంటలో తారామణి ఉద్యోగం పోయింది.

తల్లి చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతూ తారామణి ఆగింది.

“అమ్మా, నాను మందిచ్చినానని నువ్వయినా నమ్ముతున్నావా?”

ప్రవల్లిక కూతురి ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు పొరుగింటి కిటికీ అద్దం పగలగొట్టి, పూటంతా మూల కూర్చుని ఆలోచించి, ఎవరూ అడగకుండానే వెళ్లి ఒప్పుకున్న పిల్ల ఇది. దీన్ని నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది? ఆ సంగతంతా చెప్పాలనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంది. కన్నీళ్లు మింగి, ఊపిరి తీసుకుని, “నమ్ముతున్నానమ్మా” అంది.

అప్పటికే తారామణి ఆమె చెయ్యి వదిలేసి మూడు మెట్లు దిగిపోయింది.